రోజుకు 20 పేజీలు: ఏడాదికి ఎన్ని పుస్తకాలవుతాయి?

డిసెంబరు చివరి వారం వచ్చిందంటే పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లంతా లెక్కలు బయటపెడతారు. ఒకరు 24 అంటారు, ఇంకొకరు 60 అంటారు. ఎవరో ఒక మహానుభావుడు 112 పుస్తకాల అట్టలు వరసగా పేర్చి ఫొటో కూడా పెడతాడు. చూడగానే ముచ్చటేస్తుంది. ఆ వెంటనే మన ఖాతాలో ఉన్న నాలుగో ఐదో గుర్తొచ్చి ఉసూరుమనిపిస్తుంది. చదువరుల వెబ్‌సైట్ గుడ్‌రీడ్స్‌లో 2011 నుంచి ‘ఈ ఏడాది ఇన్ని చదువుతా’ అని ముందే లక్ష్యం పెట్టుకునే ఏర్పాటు కూడా ఉంది. అక్కడ వెనకబడితే ‘మీరు 3 పుస్తకాలు వెనక ఉన్నారు’ అని గుర్తుచేస్తారు. తీరిక వేళ కోసం పెట్టుకున్న పనికి కూడా బకాయిలా!

ఉసూరుమనే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. అసలు ‘ఒక పుస్తకం’ అంటే ఎంత?

దీనికి యునెస్కో 1964లోనే ఒక కొలత చెప్పింది. అట్టలు కాకుండా కనీసం 49 పేజీలు ఉంటే అది పుస్తకం, అంతకు తక్కువైతే కరపత్రం. గణాంకాల కోసం గీసిన గీత కాబట్టి అందులో వింతేమీ లేదు. చిక్కు పై హద్దు దగ్గరే వస్తుంది. పై హద్దంటూ ఏదీ లేదు. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ దాదాపు వెయ్యి పేజీలు. అదీ ఒక పుస్తకమే, 50 పేజీల కవితా సంపుటీ ఒక పుస్తకమే. ఏడాదికి 7,300 పేజీలు చదివే మనిషిని తీసుకోండి. ఆయన 49 పేజీల పుస్తకాలే ఎంచుకుంటే డిసెంబరులో 149 అని చెప్పుకోవచ్చు. వేయిపడగలంత లావు పుస్తకాలు పట్టుకుంటే చెప్పుకునేది ఏడే. మనిషి అదే, కళ్లు అవే, కూర్చున్న గంటలూ అన్నే. అంకె మాత్రం ఇరవై రెట్లు తేడా.

అందుకే, నా మటుకు నాకు, పుస్తకాల సంఖ్య ఉత్త డాబు లెక్క. అది చెడ్డదని కాదు. దాన్ని చూసి ఎవరూ బెంగపెట్టుకోకూడదంతే. చదివే అలవాటును కొలవాలంటే పేజీ, నిమిషం అనే రెండు చిన్న కొలతలు చాలు.

పేజీకి ఎంతసేపు?

మీ దగ్గరున్న ఏదైనా తెలుగు నవల తీయండి. డెమ్మీ సైజులో మామూలు అక్షరాలతో వేసిన పేజీలో ఉజ్జాయింపుగా 28 లైన్లు, లైనుకు ఏడు మాటలు. అంటే పేజీకి 200 మాటల దాకా. గడియారం పక్కన పెట్టుకుని, ఎవరితోనూ పందెం వేయకుండా, పది పేజీలు చదివి చూసుకోండి. పేజీకి నిమిషంన్నర దగ్గర తేలితే గంటకు 40 పేజీలు వస్తాయి. ఈ వ్యాసమంతా ఆ వేగం మీదే నడుస్తుంది. మీది వేరుగా ఉంటే కింది అంకెలన్నీ ఆ మేరకు పెంచుకోండి, తగ్గించుకోండి.

పేజీకి నిమిషంన్నర అంటే నిమిషానికి 130 మాటలు. ఇంగ్లీషు లెక్కలు తెలిసినవాళ్లకు ఇది మరీ నత్తనడకగా కనిపిస్తుంది. బెల్జియం శాస్త్రవేత్త మార్క్ బ్రిస్‌బార్ట్ 2019లో 190 అధ్యయనాలను, వాటిలోని 18,573 మంది చదువరుల ఫలితాలను కలిపి చూశాడు. ఇంగ్లీషును మనసులో చదువుకునే పెద్దవాళ్ల సగటు వేగం నిమిషానికి 238 మాటలని తేల్చాడు. అది కథలు కాని రచనలకు. కథలూ నవలలూ అయితే 260. అంతకుముందు అందరూ ధీమాగా చెప్పుకున్న 300 కంటే ఇది బాగా తక్కువ.

అయినా 238 పక్కన 130 పెట్టుకుని సిగ్గుపడనక్కర్లేదు. తెలుగులో విభక్తీ, కాలమూ, లేదనడమూ, ‘అని’ అనడమూ అన్నీ క్రియకో నామానికో అతుక్కుపోయి ఒకే మాటగా నిలబడతాయి. ఇంగ్లీషులో ఐదారు మాటలు పట్టే సంగతి మనకు ఒక్క మాటలో ఇమిడిపోతుంది. ఇంగ్లీషువాడి మాట చిన్న గులకరాయి, మనది బండరాయి. నిమిషానికి ఎన్ని రాళ్లు మోశామన్న పోలికకు అర్థం లేదు. పైగా మన లిపి బరువు వేరు. ఇంగ్లీషు పిల్లవాడికి 26 అక్షరాలు. మనకు 36 హల్లులకు గుణింతాలు కలిపితేనే 500 రూపాలు దాటిపోతాయి, వత్తులు ఆ తర్వాత. కన్ను అడ్డంగా మాత్రమే పోతే చాలదు. పైన గుడినీ కింద వత్తునూ కూడా పట్టుకోవాలి.

కన్ను పోవడం అన్నాను గానీ, నిజానికి అది సాఫీగా జారదు. గెంతుతుంది. ఒకచోట సెకనులో నాలుగో వంతు సేపు ఆగి, చూసి, మళ్లీ గెంతుతుంది. ఇంగ్లీషు చదివేవాళ్లలో ఒక్కో గెంతు ఏడు నుంచి తొమ్మిది అక్షరాల దూరం. చదవడం జరిగేది ఆ ఆగిన క్షణాల్లోనే. ఇంకో తమాషా ఉంది. ఆ గెంతుల్లో నూటికి 10 నుంచి 15 వెనక్కే ఉంటాయి. చదివిన మాట మళ్లీ చూసుకోవడమన్నమాట. ‘నిమిషానికి వెయ్యి మాటలు చదివిస్తాం’ అనే కోర్సుల్లో మొదటి పాఠం ఈ వెనక్కి చూడటాన్ని మాన్పించడమే. పరిశోధకుడు కీత్ రేనర్, ఆయన తోటివాళ్లు 2016లో ఈ వేగ పఠనం సంగతంతా తిరగేసి తేల్చింది ఒక్కటే: వేగం పెంచితే అర్థం కావడం తగ్గుతుంది, రెండూ ఒకేసారి పెరగవు. నిజంగా వేగం పెంచేది పదసంపద. ఎక్కువ చదివినవాడికి తెలియని మాటలు తక్కువ తగులుతాయి, ఆగే అవసరం తగ్గుతుంది.

కాబట్టి మార్చుకోగలిగింది నిమిషాలనే.

అరగంటకు ఎంత గిట్టుబాటు?

రోజుకు అరగంట. గంటకు 40 పేజీల చొప్పున 20 పేజీలు. ఏడాదికి 7,300. సగటు పుస్తకం 200 పేజీలనుకుంటే 36 పుస్తకాలు.

పెళ్లిళ్లున్నాయి, జ్వరాలున్నాయి, పిల్లల పరీక్షలున్నాయి, క్రికెట్ మ్యాచులున్నాయి. వారానికి రెండు రోజులు ఎగిరిపోయాయనే అనుకుందాం. మిగిలిన 260 రోజులకు 5,200 పేజీలు, అంటే 26 పుస్తకాలు. రెండు వారాలకు ఒకటి. ఎవరూ హడావుడి పడలేదు, నిద్ర చెడగొట్టుకోలేదు. పొద్దున కాఫీ దగ్గర పది పేజీలు, రాత్రి మంచమెక్కాక పది పేజీలు. అంతే. ‘చదవాలని ఉంటుందండీ, తీరికే దొరకదు’ అనేవాళ్లు ఫోనులో స్క్రీన్ టైమ్ అంకె ఒకసారి తీసి చూసుకుంటే ఆ మాట రెండోసారి అనరు.

వేయిపడగలు చూస్తే భయపడేవాళ్లు చాలామంది. దాని ఖరీదు 50 రోజులు, రోజుకు అరగంట చొప్పున. సంక్రాంతికి మొదలుపెడితే మార్చి మొదటి వారానికి అయిపోతుంది. విశ్వనాథ దాన్ని నెల్లాళ్ల లోపే చెప్పి రాయించారని ప్రతీతి. ఆయన చెప్పినదానికంటే మనం నిదానంగా చదువుతున్నామన్నమాట.

చిన్న మోతాదులో చదవడం మనవాళ్లకు కొత్తేమీ కాదు. వారపత్రికలు రాజ్యమేలిన రోజుల్లో అందరూ అలాగే చదివారు. సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ 1975 నుంచి 77 దాకా ఆంధ్రజ్యోతి వారపత్రికలో వచ్చాయి. మొత్తం నూరు కథలు. వారానికి ఒకటి చొప్పున చదివిన పాఠకుడికి నూరు వారాలు పట్టింది, అంటే రెండేళ్లకు నెల తక్కువ. ఇవాళ అదే సంపుటిని రాత్రికో కథ చొప్పున నూరు రాత్రుల్లో ముగించవచ్చు. ఆత్రం పట్టలేకపోతే ఒక్క వారంలోనే ముగించవచ్చు. ముగించవచ్చు గానీ, అలా చదివితే కథలన్నీ కలగాపులగమైపోతాయి. ఏ కథలో పడవవాడు, ఏ కథలో గుడి అర్చకుడు అన్నది గుర్తుండదు. చిన్న కథల సంపుటికి పేజీల వేగం వర్తించదు. ఒక కథ చదివాక పుస్తకం మూసి ఊరుకోవడం కూడా చదవడంలో భాగమే. ఈ సంగతి ఆ లెక్కల యాపులకు తెలియదు.

దీనికి సరిగ్గా ఎదురు పద్ధతి అద్దె పుస్తకాల షాపులది. బస్టాండు పక్కనో, మార్కెట్ సందులోనో, చెక్క బంకులో వేలాడే నవలలు. అద్దె రోజు లెక్కన. రెండో రోజుకి పడితే డబ్బులు రెట్టింపు కాబట్టి 300 పేజీల యద్దనపూడి నవలైనా, యండమూరి నవలైనా తెల్లారేలోపు అయిపోవాల్సిందే. మన వేగంతో అది ఏడున్నర గంటల పని. అందులోనే వంట కావాలి, ఆఫీసుకు క్యారేజీ కట్టాలి. మధ్యాహ్నం అక్క, సాయంత్రం అమ్మ, రాత్రి దీపం కింద చెల్లెలు చదివి, పొద్దున్నే తమ్ముడి చేత తిరిగి పంపించిన ఇళ్లు కోకొల్లలు. ఒక్క అద్దెకు ముగ్గురు పాఠకులు. ఏ అమ్మకాల లెక్కలోనూ ఈ ముగ్గురూ కనిపించరు. ఒక్క కాపీ అమ్ముడైనట్టే ఉంటుంది, చదివినవాళ్లు ఊరంతా ఉంటారు. తెలుగు నవలకు అప్పట్లో అంత ఊపు ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఆ చెక్క బంకుల పేరే ముందు చెప్పాలంటాను.

సగటు చేసే మోసం

పక్కవాళ్లు ఎంత చదువుతున్నారన్న ప్రశ్నకు అమెరికాలో అంకెలు బాగా దొరుకుతాయి. అవి ఎలా పక్కదారి పట్టిస్తాయో చూడటానికి కూడా బాగుంటాయి. ప్యూ పరిశోధన సంస్థ 2021 సర్వే ప్రకారం అక్కడి పెద్దవాళ్లు ఏడాదికి సగటున 14 పుస్తకాలు చదివారు, మొత్తంగా గానీ కొంతగా గానీ. అదే సర్వేలో ఇంకో అంకె ఉంది: మధ్యలో నిలబడ్డ మనిషి చదివింది 5.

14 ఎక్కడ, 5 ఎక్కడ? అయిదుగురు తోడికోడళ్లున్న ఇల్లనుకోండి. ఒకామె ఏమీ చదవలేదు. మిగతావాళ్లలో ముగ్గురు 2, 5, 8 చదివారు. చివరామె పుస్తకాల పురుగు, 55 చదివింది. మొత్తం 70. అయిదుతో భాగిస్తే సగటు 14. కానీ ఆ ఇంట్లో 14 చదివినవాళ్లు ఒక్కరూ లేరు. వరసలో నడిమధ్య ఉన్నామె చదివింది 5. డిసెంబరులో అట్టల ఫొటో పెట్టేది చివరామె. ఆ ఫొటో చూసి కుంగిపోయేది మిగతా నలుగురూ.

రెండేళ్ల తర్వాత యూగవ్ సంస్థ 1,500 మంది అమెరికన్లను అడిగితే 46 శాతం మంది 2023లో ఒక్క పుస్తకమూ చదవలేదన్నారు. 50 చదివితే పైనుంచి ఒక్క శాతంలో ఉన్నట్టే. అంతకుముందు ప్యూ అడిగినప్పుడు ఏమీ చదవనివాళ్లు 23 శాతమే. రెండేళ్లలో చదవనివాళ్లు రెట్టింపైపోయారని దీని అర్థం కాదు. ప్యూ ‘కొంత చదివినా సరే’ అంది. ఎవరిని ఎలా పోగేశారన్నదీ వేరు. అడిగే తీరు మారితే జవాబు రెట్టింపైపోతుంది. ఏ సర్వే అంకె కనబడినా ముందు వాళ్లు అడిగిన ప్రశ్న ఏమిటో చూడాలి.

ఇది మన దగ్గర తిరిగే ఒక అంకెకు మరీ అవసరం. ‘ప్రపంచంలో అందరికంటే ఎక్కువ చదివేది భారతీయులే, వారానికి 10.7 గంటలు.’ వాట్సాప్‌లో ఇది ఏడాదికోసారి కొత్త వార్తలా వస్తుంది. కొత్తది కాదు. ఎన్‌ఓపీ వరల్డ్ అనే సంస్థ 30 దేశాల్లో 30 వేల మందిని అడిగి 2005లో వెలువరించిన అంకె అది. థాయిలాండ్ 9.4 గంటలతో రెండోది, ప్రపంచ సగటు 6.5. అప్పటికి వాట్సాపే పుట్టలేదు.

ఆ 10.7ను మన లెక్కలో వేసి చూడండి. రోజుకు గంటా 32 నిమిషాలు. గంటకు 40 పేజీలంటే ఏడాదికి 22 వేల పేజీలు దాటుతాయి, 200 పేజీల పుస్తకాలు 111. సగటు భారతీయుడు ఏడాదికి 111 పుస్తకాలు చదువుతుంటే మన వీధిలో ఇప్పటికి నాలుగు పుస్తకాల షాపులుండాలి. మరి అంకె అబద్ధమా? అబద్ధమనక్కర్లేదు. వాళ్లు అడిగింది ‘చదవడం’ గురించి, పుస్తకాల గురించి కాదు. పొద్దున్నే టీ కొట్టు దగ్గర పేపరు పేజీలు పంచుకుని చదివేదీ లెక్కే, పోటీ పరీక్షల గైడూ లెక్కే. పైగా ఎవరికి వారు చెప్పుకున్న గంటలవి. చదువంటే గౌరవం ఉన్న చోట ఎన్ని గంటలు చదువుతారని అడిగితే ఎవరు తక్కువ చెబుతారు!

మన దేశంలో ఇంతకంటే గట్టిగా అడిగిన సర్వే ఒకటుంది. నేషనల్ బుక్ ట్రస్ట్ కోసం ఎన్‌సీఏఈఆర్ సంస్థ 2009లో 13 నుంచి 35 ఏళ్ల వయసువాళ్లను అడిగింది. పాఠ్యపుస్తకాలు కాకుండా సరదాకు పుస్తకాలు చదివేవాళ్లు, అక్షరాస్యులైన యువతలో నాలుగో వంతని తేలింది. సంఖ్యలో 8 కోట్ల 30 లక్షలు. నలుగురిలో ఒకరు. నాకైతే ఇది 10.7 కంటే నమ్మదగిన అంకెగానూ, సంతోషపెట్టే అంకెగానూ కనిపిస్తుంది.

ఆ నాలుగో మనిషి కావాలంటే ముందు చదవడం తడబడకుండా రావాలి. గ్రామీణ భారతంలో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి వాచకం చదవగలిగినవాళ్లు 2018లో సగం మంది, 50.5 శాతం. కరోనా బడులు మూయించాక 2022లో అది 42.8కి పడిపోయిందని పిల్లల చదువు మీద వచ్చే అసర్ నివేదిక చెప్పింది. 2024కి మళ్లీ కోలుకుని 48.8 అయింది. వాక్యం మధ్యలో ప్రతి వత్తు దగ్గరా ఆగిపోయే పిల్లవాడికి కథ ఎక్కదు, కథ ఎక్కనివాడు సరదాకు చదవడు. ఇంట్లో రోజూ పది నిమిషాలు పక్కన కూర్చుని వాడి చేత పైకి చదివించడం కంటే చవకైన వైద్యం నాకు తెలియదు.

చదివితే ఆయుష్షు పెరుగుతుందా?

పెరుగుతుందన్న అంకె కూడా ఒకటి తిరుగుతోంది: 23 నెలలు. యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు 3,635 మంది నడివయసు, పెద్దవయసు అమెరికన్ల వివరాలను 12 ఏళ్ల పాటు గమనించి 2016లో ప్రకటించారు. పుస్తకాలు చదివేవాళ్లకు, చదవనివాళ్లకంటే ఆ కాలంలో చనిపోయే అవకాశం 20 శాతం తక్కువ. వారానికి మూడున్నర గంటలకు పైగా చదివేవాళ్లలో ఈ తేడా ఇంకాస్త ఎక్కువ. మూడున్నర గంటలంటే రోజుకు అరగంట. మన లెక్కకు అచ్చంగా సరిపోయింది.

సరిపోయింది కదా అని నెత్తిన పెట్టుకోను. చదువు, ఆదాయం, ఆరోగ్యం లాంటివాటిని వాళ్లు సర్దుబాటు చేశారు, నిజమే. అయినా ఇది గమనించిన అధ్యయనమే గానీ, కొందరి చేతికి పుస్తకాలిచ్చి కొందరికి ఇవ్వకుండా చేసిన ప్రయోగం కాదు. కూర్చుని చదవగలిగే ఓపిక, చూపు, తీరిక ఉన్నవాళ్లు ముందు నుంచే కాస్త గట్టివాళ్లు కావచ్చు. 23 నెలలు వస్తే వచ్చినట్టు. అవి వచ్చినా మనం వాటిలో చదువుకునే కూర్చుంటాం కాబట్టి ఇంట్లోవాళ్లకు పెద్ద తేడా తెలియదు.

కాగితమా, ఫోనా అన్న తగువులోకి ఎక్కువసేపు దిగను. 2018లో 54 అధ్యయనాలనూ, లక్షా 71 వేల మందినీ కలిపి చూసినప్పుడు సమాచారం చదివి అర్థం చేసుకోవడంలో కాగితానిదే కొద్దిపాటి పైచేయి. టైము కట్టి చదివిస్తే ఆ తేడా పెరిగింది. కథల దగ్గర తేడా కనిపించలేదు. నవల ఫోనులో చదివినా నష్టం లేదన్నమాట, పైనుంచి నోటిఫికేషన్లు రాలకపోతే. వినే పుస్తకాల లెక్క కూడా తేలికే. బ్రిస్‌బార్ట్ లెక్కలో పైకి చదివే వేగం నిమిషానికి 183 మాటలు. మనసులో చదవడం దానికంటే 30 శాతం వేగం. ఆ నిష్పత్తి మనకూ వర్తిస్తే, అయిదు గంటల్లో చదివే 200 పేజీల పుస్తకం వినడానికి ఆరున్నర గంటలు. అయితే ఆ ఆరున్నర గంటలూ స్కూటర్ మీదో, వంటింట్లోనో, ఎలాగూ చదవలేని చోటే గడుస్తాయి. కాబట్టి అది అదనపు ఖర్చు కాదు.

అలవాటు పడటానికి ఎన్నాళ్లు?

21 రోజులని ఉపన్యాసాల్లో చెబుతారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి 2010లో ప్రకటించిన అంకె వేరు. ఆలోచించకుండానే పని జరిగిపోయే దశకు రావడానికి మధ్యస్థంగా 66 రోజులు. మనిషిని బట్టీ పనిని బట్టీ 18 నుంచి 254 దాకా. అందులోనే ఊరటనిచ్చే సంగతి ఇంకోటుంది. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు చెదరలేదు. కాబట్టి ‘నిన్న చదవలేదు, ఇక ఇదీ పోయింది’ అని పుస్తకం మూలన పడేయనక్కర్లేదు. వాళ్లు చూసిన అలవాట్లన్నీ రోజూ జరిగే ఏదో ఒక పనికి తగిలించినవి. భోజనం తర్వాత, కాఫీ తర్వాత అన్నట్టు. ‘తీరిక దొరికినప్పుడు’ అనేది గడియారంలో లేని వేళ.

ఇక పుస్తకాలు ఎక్కణ్నుంచి తేవాలి? కొనుక్కునేవాళ్లకు జనవరి మొదట్లో విజయవాడ, డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలున్నాయి. కొనకపోయినా మీరు డబ్బు కడుతూనే ఉన్నారు. ఆస్తి పన్ను రసీదు తీసి చూడండి, గ్రంథాలయ సెస్సు అని ఒక వరస ఉంటుంది. పన్ను రూపాయికి 8 పైసలు. ఇంటికి 2,000 పన్ను పడితే 160 రూపాయలు గ్రంథాలయానికి పోయినట్టే. ఈ ఏర్పాటు 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం నుంచి వచ్చింది. ఆ 160 ఏటేటా కట్టి, జిల్లా గ్రంథాలయం గుమ్మం ఒక్కసారీ తొక్కనివాళ్లే ఎక్కువ. అక్కడ కొత్త పుస్తకాలుండవని ఫిర్యాదు, నిజమే కావచ్చు. అడిగేవాళ్లు లేని చోట కొత్తవి రావు కూడా.

ఈ సెస్సు వెనక పెద్ద కథే ఉంది. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో గ్రంథాలయాల సంఘం పెట్టినప్పుడు దేశంలో అలాంటి సంఘం ఇంకొకటి లేదు. అయ్యంకి వెంకటరమణయ్య లాంటివాళ్లు ఊరూరా తిరిగి చందాలు పోగేసి, చిన్న గదిలోనైనా సరే ఒక అలమారా పెట్టించారు. 1935 అక్టోబరులో పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువలో తిరిగే పడవ మీద పుస్తకాలు పెట్టించారు. పడవ ప్రయాణం నిదానం, చేతికి పనుండదు, చదువుకోవడానికి అంతకంటే మంచి వేళ ఏముంది? జనం ఖాళీగా కూర్చునే చోటు ఎక్కడో కనిపెట్టి పుస్తకాన్ని అక్కడికే పంపడమన్నది గొప్ప తెలివి. ఇవాళ ఆ చోటు ఆర్టీసీ బస్సు, మెట్రో, ఆసుపత్రిలో డాక్టరు గది ముందు బెంచీ. అక్కడికి పుస్తకం ఎవరూ పంపరు. మనమే సంచిలో వేసుకుపోవాలి.

మొత్తం ఎన్ని?

పాతికేళ్ల వయసులో మొదలుపెట్టి అరవై అయిదు దాకా, వారానికి అయిదు రోజుల చొప్పున, ఏడాదికి 26. నలభై ఏళ్లకు 1,040 పుస్తకాలు. ఒక మాదిరి ఇంట్లో రెండు మూడు బీరువాలు నిండుతాయి. గూగుల్ సంస్థ 2010లో ప్రపంచంలో ఉన్న పుస్తకాలన్నీ లెక్కగట్టి 12,98,64,880 అని తేల్చింది. (చివరి 80 దాకా ఎలా లెక్కపెట్టారో గానీ, ధీమా మెచ్చుకోవాలి.) దాన్ని 1,040తో భాగిస్తే, మనం చదివే ప్రతి పుస్తకమూ లక్షా పాతిక వేల పుస్తకాలను పక్కకు నెట్టి మన చేతికొచ్చిందని అర్థం. మరుచదువు కూడా ఈ 1,040లోంచే తీయాలి. బారిస్టరు పార్వతీశాన్ని అయిదోసారి చదివేవాళ్లు తెలిసే నాలుగు కొత్త పుస్తకాలను వదులుకుంటున్నారు. మంచి బేరమే అనుకోండి.

అంటే నచ్చని పుస్తకాన్ని చివరిదాకా లాగడం ఖరీదైన మొహమాటం. ఏడాదిలో పది పుస్తకాలు నచ్చలేదనుకుందాం. పదింటినీ ముగిస్తే 2,000 పేజీలు, మన వేగంతో నూరు రోజులు. ఒక్కోదాన్ని 50 పేజీల దగ్గర వదిలేస్తే 500 పేజీలు, 25 రోజులు. 75 రోజులు చేతికొస్తాయి. ఒకటిన్నర వేయిపడగలు.

50 దగ్గరే ఎందుకంటే, అమెరికాలో సియాటిల్ నగరంలో లైబ్రేరియన్‌గా పనిచేసిన నాన్సీ పెర్ల్ పెట్టిన నియమమది. ఏ పుస్తకానికైనా 50 పేజీలు అవకాశమివ్వండి, అప్పటికీ పట్టుకోకపోతే నిస్సంకోచంగా వదిలేయండి అంటుంది ఆవిడ. వయసు యాభై దాటినవాళ్లకు రాయితీ కూడా ఉంది. నూరులోంచి వయసు తీసేసి, ఎంత వస్తే అన్ని పేజీలే చదివితే చాలు. అరవై ఏళ్లవాళ్లకు 40, డెబ్బై అయిదుకు 25, తొంభైకి 10. నూరేళ్లు నిండినవాళ్లకు సున్నా వస్తుంది. వాళ్లు అట్ట చూసి తీర్పు చెప్పేయవచ్చు, అడిగేవాళ్లెవరూ ఉండరు.